తొట్టి దగ్గర పీట

ఆ షెడ్డులో అందరూ నిలబడి పనిచేసేవాళ్లే. కూర్చునే యోగం ఒక్క తొట్టి అక్కకే ఉండేది. చిత్తడి నేలల్లో పెరిగే జమ్మును కోసుకొచ్చి, సోడా కలిపిన నీళ్లలో నానేసి, నార తీసి సంచుల గుడ్డ నేస్తారక్కడ. ప్లాస్టిక్ పీడ వదిలించే గుడ్డ అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నారు కూడా. గంట ముందు తీస్తే నార పుల్లలా విరుగుతుంది, గంట ఆలస్యమైతే గంజైపోతుంది. ఆకును రెండు వేళ్ల మధ్య నలిపి తొట్టి అక్క "ఊఁ, తియ్యండి" అనాలి. అనేదాకా యజమానైనా నోరు మూసుకోవాల్సిందే. పద్దెనిమిదేళ్లు ఆ ఒక్క మాట మీద దర్జాగా బతికింది. మొగుడు పోయిన ఏడు కూడా, పీట ఉందిగా అనుకుని కళ్లు తుడుచుకుంది.

ఆ నీళ్లే వేళ్లను తినేశాయి. రెండేళ్లుగా స్పర్శ లేదు. ఎవరికీ చెప్పకుండా, వాసన చూసి నెట్టుకొస్తోంది. జలుబు చేసిన వారం మాత్రం ఒక తొట్టి మొత్తం గంజైంది.

"నన్నంటారేం? లేత జమ్ము కోసుకొచ్చి పడేశారు!" అని దబాయించింది.

అందరూ నమ్మారు, చెల్లెలు తప్ప. తనే తీసుకొచ్చి పనిలో పెట్టిన చెల్లెలు. పదకొండేళ్లుగా నిలబడి తీగల మీద నార ఆరేస్తున్న చెల్లెలు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, తోడబుట్టినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. మర్నాడు టీ వేళ అందరి ముందూ వెనక నుంచి వచ్చి అక్క కళ్లకు తువ్వాలు కట్టింది.

"రెండు చేతుల్లో రెండు పెడతా. ఏది నానిందో చెప్పు చూద్దాం."

"ఏంటే ఈ కోతి వేషాలు?"

"సరదాకే అక్కా!"

తొట్టి అక్క నలిపింది. మళ్లీ నలిపింది. వాసన చూద్దామంటే జలుబు ఇంకా వదల్లేదు. చివరికి "కుడిచేతిది" అంది.

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. తువ్వాలు విప్పి చూసుకుంటే, రెండు చేతుల్లోనూ ప్లాస్టిక్ తాడు ముక్కలే. యజమానీ నవ్వాడు. నవ్వుతూనే పీట చెల్లెలికిచ్చి, అక్కకు చీపురు ఇప్పించాడు.

మూడో రోజు, చుట్టుపక్కల ఎవరూ లేనప్పుడు చెల్లెలు గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. ఈ నీళ్ల వల్లేనా నీ వేళ్లు అలా అయ్యాయి? అలాగైతే నాకొద్దే ఈ పీట. ఇప్పుడే వెళ్లి చెప్పేస్తా."

తొట్టి అక్క ఊడవడం ఆపి చెల్లెలి చేతుల వంక చూసింది. నున్నటి చేతులు. పసితనంలో తన మెడ చుట్టూ పెనవేసుకున్న చేతులు. ఆ నవ్వులింకా చెవుల్లోనే ఉన్నాయి.

"ఛ, నీళ్లేం చేస్తాయే? నాకు షుగరు. నీకు చెప్పలేదంతే."

ఆవిడకు షుగరూ లేదు, పాడూ లేదు.

"హమ్మయ్య! హడలి చచ్చాననుకో" అని చెల్లెలు తొట్టిలో చేతులు ముంచింది.

"పైపైన చూస్తే ఏం తెలుస్తుందే?" అంది అక్క. "మోచేతుల దాకా పెట్టు."