స్పిరిట్ తగలని పుల్పిట్

మా హసన్‌పర్తి చర్చికి స్త్రీల సమాజం బహూకరించిన అద్దంలా మెరిసే అక్రిలిక్ పుల్పిట్‌ను, అంటే పాస్టరు ప్రసంగించే బల్లను, రేపు ప్రతిష్ఠిస్తారు. ఈ సాయంత్రం సంఘపెద్ద ప్రసాద్ దానిని స్పిరిట్‌తో తుడవబోతుంటే అడ్డుకున్నాను.

"ఏంది పెద్దమ్మా, అద్దం తుడుసుడు గూడ మాకు నేర్పుతవా?"

"అద్దం గాదు బిడ్డా, అక్రిలిక్ ప్లాస్టిక్. స్పిరిట్ తాకితే స్క్రూలు బిగిచ్చిన కాడ పగుళ్లొస్తయి."

అతను నవ్వాడు. పుల్పిట్ బిగించినవారు వదిలివెళ్లిన సన్నని అక్రిలిక్ ముక్కను, స్క్రూ బిగించినట్టు ఒత్తిడి పడేలా విల్లులా వంచి, దానిపై స్పిరిట్ రాశాను. చర్చిలో ఉన్నవాళ్లందరూ చూస్తుండగానే వెంట్రుకల్లాంటి పగుళ్లు పాకాయి.

ప్రసాద్ సీసాకు మూత బిగించి, "పెద్దమ్మ చెప్పకుంట దీన్ని ఎవ్వలు ముట్టద్దు!" అని చర్చంతా వినిపించేలా కేకేశాడు. సబ్బునీళ్లతో, మెత్తని గుడ్డతో నేనే తుడిచాను.

నా కెమిస్ట్రీ బీయస్సీ ఈ రోజు సాక్ష్యం చెప్పింది! అద్దమనుకొని మీరు పాడుచేసుకున్నవి ఏమిటో రాయండి. నేను నవ్వను, కారణం మాత్రం వివరిస్తాను.