జాయ్ నడిపిన మూడో రేసు

భిలాయిలోని ఖుర్సీపార్‌లో జాయ్‌ని అందరూ హిందీలో వ్యాన్ దీదీ, అంటే వ్యాన్ అక్క, అంటారు. సెక్టర్ 4 బడికి పిల్లల్ని తీసుకెళ్లే వ్యాన్ ఆమెది. స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడిపిన తండ్రి సొలొమోను చనిపోయిన ఏడాదే ఆమె స్టీరింగ్ పట్టింది. ఇన్నేళ్లలో ఒక్క పిల్లవాడికి గీత పడనివ్వలేదు. అలాంటి మనిషి రేసు కారెక్కుతుందని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా అనుకోలేదు.

కారు తమ్ముడు మార్టిన్‌ది. రాయపూర్ రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు అక్కడ ఓ మోటారు క్లబ్బు ఆరు గంటల రేసులు మొదలుపెట్టింది. ఆ గడువులో ఎక్కువ దూరం తిరిగినవాడిదే గెలుపు. మార్టిన్, అతని నేస్తం ఇమ్మాను కలిసి ఓ రేకుల షెడ్డులో ఆ రేసుల కోసమే ఒక కారు తయారుచేశారు. దాని వెనక చక్రాలను పెట్రోలు ఇంజను తిప్పుతుంది, ముందు చక్రాలను బ్యాటరీ మోటారు తిప్పుతుంది. బ్రేకు తొక్కితే మామూలు బ్రేకుకు తోడు ఆ మోటారు కూడా కారు వేగాన్ని లాగి పట్టి, ఆ ఊపుతో బ్యాటరీని మళ్లీ నింపుకుంటుంది. పెట్రోలు కోసం మిగతా కార్లు ఆగినన్నిసార్లు ఇది ఆగనక్కర్లేదు.

అనుకోవడానికి బాగానే ఉంది. మొదటి రేసులో కారు గంట కూడా తిరగలేదు. రెండో రేసులో మార్టిన్ నడుపుతుండగా బ్యాటరీ కాగిపోయి మోటారు దానంతటదే ఆగిపోయింది. మలుపులో బ్రేకు సగం కూడా పట్టక, కారు వెళ్లి టైర్ల గోడను గుద్దింది. అతని భుజం ఎముక విరిగింది.

ఆ ఏడాదికి మూడోదే ఆఖరు రేసు. సగం ఇమ్మాను నడపగలడు, మిగతా సగానికి మనిషి లేడు. చేతికి కట్టుతోనే మార్టిన్ అక్కను అడిగాడు. తల్లి మరియమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది:

“ఆడు ఎముక ఇరగ్గొట్టుకున్నాడు, అది సాలదేటి? ఇప్పుడు నువ్వెల్తావా?”

జాయ్ మాత్రం ఆదివారాలు ప్రార్థన అయ్యాక ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఆ కారు నడిపి చూసింది. మోటారు ఆపేసి, ఉత్త బ్రేకుతో ఎంత దూరంలో ఆగుతుందో మళ్లీ మళ్లీ చూసుకుంది.

రేసు ఓ పాత విమానాల రన్‌వే మీద జరిగింది; కార్లు ఆపి బాగుచేసుకోవడానికి పక్కనే షెడ్లు ఉన్నాయి. ఇమ్మాను తన వంతు చక్కగా నడిపి దిగాడు. జాయ్ ఎక్కింది. ఆఖరు గంటకు వాళ్ల కారు మూడో స్థానంలో ఉంది. షెడ్డు దగ్గర నుంచి మార్టిన్ వాకీటాకీలో ఉత్సాహంగా ఆ సంగతి చెబుతున్నాడు. అప్పుడే ఆమె ఎదుట ఎర్ర దీపం వెలిగింది. బ్యాటరీ వేడెక్కుతోంది. కాసేపటికి రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది.

“వాసనొస్తందిరా,” అంది.

“దీదీ, షెడ్డులోకి రాకు. ఇంకెంతో లేదు. మూడో ప్లేసు పోద్ది.”

తిన్నని దారి చివర మలుపు వచ్చింది. ముందు ఓ కారు నెమ్మదిగా తిరుగుతోంది. జాయ్ బ్రేకు తొక్కింది. పాదం కింద ఏమీ లేనట్టు దిగిపోయింది. మోటారు చచ్చిపోయింది. రెండో కాలు కూడా వేసి తొక్కింది. ఎదుటి కారు వెనక భాగం ముందద్దం నిండా కనబడింది. స్టీరింగ్ పక్కకు తిప్పేసింది. వెంట్రుకవాసిలో దాటింది.

వాకీటాకీలో తమ్ముడు వద్దని చెబుతూనే ఉన్నాడు. ఆమె ఇయర్‌ఫోను తీసేసి, మోటారు స్విచ్ ఆపి, కారును షెడ్డు వైపు మళ్లించింది.

ఇమ్మాను బ్యాటరీ పెట్టె మూత తీయగానే పొగ ముఖాన కొట్టింది. లోపల తీగల మీది తొడుగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అతను దళసరి రబ్బరు చేతితొడుగులు వేసుకుని తీగలన్నీ ఊడదీశాడు. మార్టిన్ ఆ పెట్టెకేసి చూస్తూ నిలబడిపోయాడు. బయట మిగతా కార్లు ఒక్కొక్కటే వాళ్లను దాటిపోతున్నాయి.

పొగ తగ్గి, పెట్టె చల్లబడ్డాక జాయ్ అడిగింది. “పెట్రోలు మీద ఎల్తాది కదా. నీ బండిరా, నువ్వు సెప్పు.”

మార్టిన్ దాటిపోతున్న కార్లకేసి చూశాడు. “మెల్లగా తిప్పు దీదీ,” అన్నాడు చివరికి.

ఆమె మెల్లగానే తిప్పింది. మలుపు ఎంతో దూరం ఉండగానే బ్రేకు మీద కాలేసింది. జెండా ఊపేసరికి వాళ్లది ఆఖరు నుంచి రెండో స్థానం. ఆ ఏడాది ఆ కారు రేసు పూర్తిచేయడం అదే మొదలు.

కారును వ్యాన్ వెనక కట్టి ఇంటికి బయలుదేరారు. ఊరి పొలిమేరలో భిలాయి-3 దాటాక మార్టిన్, వచ్చే ఏడు బ్యాటరీని గాలి తగిలేచోటికి మార్చాలన్నాడు. నువ్వే నడుపుతావా అని అడిగాడు. ముందు అమ్మతో నువ్వే మాట్లాడు, అంది జాయ్.

ఇంట్లో మరియమ్మ కూతురి చొక్కాకి పట్టిన కాలిన వాసన చూసి, కంచం పెట్టింది. జాయ్ ముద్ద కలపబోతే వేళ్లు నిలవలేదు. మరియమ్మ కంచం తన ముందుకు లాక్కుని అన్నం కలిపి నోటికందించింది. జాయ్ కాదనకుండా తింది.