ఒళ్ళు విదిలించని పొట్టేలు

మొన్నటి ఎండాకాలం, చాలా ఏళ్ళ తర్వాత, మా అమ్మ పుట్టిన ఊళ్ళో గంగజాతరకు పోయాను. మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరులో దిగి, అక్కడి నుంచి పెద్దపంజాణి వైపు పోయే ఆటోలో ఇరుక్కుని కూర్చుంటే, ఊరి పొలిమేర రాకముందే డీజే మోత ఎదురొచ్చింది. గుడి ముందర మా చిన్నమామ మనవడు, బెంగళూరులో ఉద్యోగం చేసే కుర్రవాడు, తలకు కొత్త తువ్వాలు చుట్టుకుని కత్తితో నిలబడి ఉన్నాడు. పూజారి పొట్టేలు మీద పసుపునీళ్ళు చల్లాడు. ఆ నీళ్ళు ఇంకా బొచ్చు మీద నుంచి జారుతూ ఉండగానే కత్తి దిగిపోయింది. పైకి లేచిన ఫోన్లు కిందికి దిగాయి, జనం తర్వాతి పొట్టేలు వైపు తిరిగారు. అక్కడ ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు. నాకు మాత్రం మా పెద్దమామ గుర్తొచ్చి, పోయి ఓ ఇంటి అరుగు మీద కూర్చున్నాను.

నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర లేదు గానీ, మా పక్క ఊళ్ళలో అమ్మవారికి వేట, అంటే బలి పొట్టేలును, కొట్టే ముందు దాని వీపు మీద పసుపునీళ్ళు చల్లి ఆగేవాళ్ళు. అది ఒళ్ళు జలదరించి నీళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా ఎంతటివాడైనా కత్తి ఎత్తకూడదు. కొన్ని వెంటనే విదిలించేవి, కొన్ని ఊరందరినీ ఎండలో నిలబెట్టేవి.

పెద్దమామ మా అమ్మకు తమ్ముడు, ఆ ఇంటికి పెద్దకొడుకు. మీసాలు సరిగా రాకముందే మిలిటరీలో చేరి, బంగ్లాదేశ్ యుద్ధం చూసి, ఆ తర్వాత కొన్నేళ్ళకు పింఛనుతో ఊరు చేరాడు. చేరాక చెనక్కాయల చేనూ, రెండు ఎనుములూ, ముగ్గురు ఆడపిల్లలూ ఆయన లోకం. అత్త పొద్దున్నే పాలు పితకడానికి పోతే పిల్లలకు జడలు వేసేది ఆయనే. ఆ జడలు ఎంత బిగువుగా ఉండేవంటే పిల్లల కనుబొమలు నుదుటి మీదికి ఎక్కి, రోజంతా దేనికో ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేవాళ్ళు. బడిలో పంతులమ్మ వాళ్ళ మొహాలు చూసి, ఈ పొద్దు మీ నాయన దువ్వినాడు గదా అని నవ్వేదట.

భక్తి కూడా ఆయనది అదే పద్ధతి. తెల్లవారుతూనే బావి దగ్గర చన్నీళ్ళు పోసుకుని, ఒకప్పుడు బెల్టు బిళ్ళను తోమినంత శ్రద్ధగా దీపపు కుందిని చింతపండుతో తోమి, దీపం వెలిగించి, దేవుడి పటాల ముందు మడమలు కలిపి నిటారుగా నిలబడేవాడు. శనివారం ఒక్కపొద్దు, సాయంత్రం భజన గుడిలో తాళాలు వాయించేది ఆయనే. యుద్ధం మాట ఎత్తేవాడు కాదు. పిల్లలు వేధిస్తే అక్కడి వానల గురించీ, అట్టల్లాంటి రొట్టెల గురించీ చెప్పి నవ్వించి పంపేసేవాడు.

ఆ ఊళ్ళో తొలి వేట మా తాత వాళ్ళ ఇంటిది. ఆ ఇంటి పెద్దమగవాడే కొట్టాలి. ఆ పొట్టేలు తెగినాకే మిగతా ఇళ్ళవాళ్ళు తమవి తెచ్చుకోవాలి. పెద్దవాడు ఊళ్ళో ఉండగా తమ్ముడు కత్తి ముట్టరాదు. తాత ఉన్నంతకాలం ఆయనే కొట్టాడు. తాత పోయిన మరుసటేడు ఆ కత్తి పెద్దమామ చేతికి వచ్చింది. అప్పటికి నేను మదనపల్లెలో పత్రికకు వార్తలు రాయడం మొదలుపెట్టి కొద్ది నెలలే అయింది. రాసిన వార్తలను కవరులో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపే రోజులవి. జాతర వార్త రాయొచ్చునని అమ్మతో కలిసి నేనూ ముందురోజే ఊరికి పోయాను.

పోయేసరికి ఇంటి అరుగు మీద పంచాయతీ జరుగుతూ ఉంది. ఏ ప్రాణినీ తన చేత్తో కొట్టనని పెద్దమామ చెప్పేశాడట. ఊరిపెద్ద నెమ్మదిగానే మొదలుపెట్టాడు.

“నువ్వు కొట్టకపోతే మేమెట్ల కొట్టేదప్పా? పొట్టేళ్ళను మళ్ళీ ఇండ్లకు తోలుకుపొమ్మంటావా?”

చిన్నమామ గడప దగ్గర నిలబడి ఉన్నాడు. తరతరాల మర్యాద తన కళ్ళ ముందే పక్క ఇంటికి పోతుందన్న దిగులు అతనిది.

“మిలిట్రీలో మనుషుల్ని కాల్చొచ్చినోడు. ఈడ పొట్టేలును సూస్తే చేతులు వణకతాండాయంట,” అన్నాడు.

ఆ మాటకు లోపల మసాలా నూరుతున్న మా అవ్వ చేయి ఆగిపోయింది. పెద్దమామ తమ్ముడి వైపు చూడలేదు. ఊరిపెద్ద వైపే తిరిగాడు.

“సరే. నేనే నిలబడతా. అమ్మ అడిగితే ఇస్తా. అడక్కపోతే మాత్రం నన్ను బలవంతం చేయద్దండి.”

“అడక్క యాడికి పోతాదిలే,” అని ఊరిపెద్ద నవ్వుతూ లేచాడు. ఆయన నవ్వు న్యాయమే. నీళ్ళు పడితే ఒళ్ళు విదిలించని పొట్టేలును ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. విదిలిస్తే పెద్దమామ మాట తప్పడానికి లేదు. తప్పితే ఊళ్ళో తలెత్తుకోవడానికీ లేదు.

మర్నాడు గుడి ముందు పలక డప్పులు మోగుతూ ఉండగా పెద్దమామ తలంటుకుని, తెల్లపంచె కట్టుకుని, కత్తి భుజానికి ఆనించుకుని కాపలా సిపాయిలా నిలబడ్డాడు. పక్కన పొట్టేలు. తాత పోయినప్పటి నుంచి ఆయనే మేపి పెంచినది, నుదుట బొట్టుతో, మెడలో వేపమండలతో కొత్త పెళ్ళికొడుకులా ఉంది. పూజారి పసుపునీళ్ళు చల్లాడు. పలకలు ఆగాయి. పొట్టేలు కదల్లేదు. మళ్ళీ చల్లాడు. అది మెడలోని వేపాకును అందుకోబోయింది. ఈసారి చెంబెత్తి వీపు మీద కుమ్మరించాడు. చెవుల్లో నుంచి నీళ్ళు కారుతున్నా అది హాయిగా కళ్ళు మూసుకుంది. జనంలో గుసగుసలు, ఆడవాళ్ళు చెంపలు వేసుకోవడాలు. ఈగ వాలినప్పుడల్లా ఊరంతా మెడలు చాచి చూడటం, అది తోక మాత్రం ఆడించి ఊరుకోవడం. పెద్దమామ పెదవులు కదులుతున్నాయి గానీ ఏం జపిస్తున్నాడో వినబడలేదు. ఆయన పంచె చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. కత్తి పట్టిన చెయ్యి చిన్నమామ అన్నట్టే సన్నగా వణుకుతూ ఉంది. చిన్నమామ కూడా అది చూశాడు. చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

నీడలు తిరిగిపోయాక పూజారి చెంబు కింద పెట్టేశాడు. “అమ్మ వద్దంటాండాది,” అన్నాడు.

వద్దంటే మరి తొలి వేట ఏది అని ఊరిపెద్ద తల పట్టుకుంటే, అందరికన్నా ముందు తేరుకున్నది మా అవ్వ.

“కొట్టం పైన గుమ్మడికాయ ఉండాది, పోయి దించుకరాపోండ్రా. నోళ్ళు తెరుసుకుని సూస్తాండారు.”

పసుపూ కుంకుమా పూసిన ఆ గుమ్మడికాయను పెద్దమామ ఒక్క వేటుకు రెండు చేశాడు. పలకలు మళ్ళీ అందుకున్నాయి, మిగతా ఇళ్ళవాళ్ళు తమ పొట్టేళ్ళను తెచ్చుకున్నారు. ఆ పూట ఊరంతా మసాలా వాసన. మా ఇంటికి వచ్చిన చుట్టాలకు మాత్రం రాగిసంగటీ, ఊరుబిండి పచ్చడీ. చిన్నమామ అలిగి పక్కింట్లో భోంచేశాడు. నేను మదనపల్లె చేరి, గంగజాతర వైభవంగా జరిగిందని మూడు వాక్యాలు రాసి పంపాను. అప్పట్లో జాతర వార్తకు అంతకన్నా చోటుండేది కాదు.

అసలు సంగతి అత్త చెబితే తెలిసింది. అమ్మవారికని ముడుపు కట్టిన ఆ పొట్టేలుకు పెద్దమామ రోజూ తెల్లవారుతూనే తనతో పాటు బావి దగ్గర చన్నీళ్ళు పోసేవాడట. మొదట్లో నీళ్ళకు ఎగిరెగిరి పడేదట గానీ, రానురాను బిందె చప్పుడు వింటే తనే వచ్చి నిలబడేదట. అలాంటిదానికి చెంబెడు పసుపునీళ్ళు ఒక లెక్కా? ఇదంతా కావాలనే చేశావా మామా అని తర్వాతెప్పుడో అడిగాను.

“అమ్మకిచ్చేదాన్ని మురికిగా ఇస్తామా అప్పా?” అన్నాడు, నవ్వకుండా.

ఆ జాతర నుంచి తిరిగొస్తూ పుంగనూరు దాటాక, బస్సులో అమ్మ తనంతట తాను చెప్పింది. యుద్ధం అయ్యాక మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు పెద్దమామ ఆమె ఒక్కదానికే చెప్పుకున్నాడట. ఒక ఏటిగట్టు దగ్గర శత్రుపక్షపు సిపాయి, చిన్నవాడు, పడి ఉన్నాడట. కాల్చింది తానో పక్కవాడో తెలియదట. వాడు సైగ చేసి నీళ్ళడిగితే మామ తన సీసా తీసి నోట్లో పోశాడట.

“నీళ్ళు పడంగానే ఒక్కసారి ఒళ్ళంతా జలదరించినాదక్కా, అంతే, అన్నాడు. ఇంక నన్నేమీ అడగద్దన్నాడు,” అని చెప్పి అమ్మ కిటికీ వైపు తిరిగింది. ఆమె ఆ మాట చిన్నమామకు కూడా చెప్పి ఉండాలి, ఎందుకంటే ఆ తర్వాత అతను అన్నను పల్లెత్తు మాట అనగా నేను వినలేదు.

అమ్మవారు వద్దన్న పొట్టేలు ఆ ఇంట్లోనే ఉండిపోయింది. శనివారం మామ వెంట భజన గుడికి వచ్చి, మెట్ల దగ్గర పడుకుని నెమరేస్తూ, హారతి అయ్యాక అరటిపండు తిని ఇంటికి పోయేది. ముసలిదై చచ్చిపోయినప్పుడు మామ దాన్ని చేను గట్టున పూడ్చి, ఇంటికొచ్చి తలస్నానం చేశాడు. ఆయన ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ ఇంటి తొలి వేట గుమ్మడికాయే. అత్త పోయాక రెండో కూతురు ఆయన్ను కుప్పం తీసుకుపోయింది. కత్తి తమ్ముడి ఇంటికి, ఇప్పుడు అతని మనవడి చేతికి చేరింది, పొట్టేలు మళ్ళీ వచ్చింది. దానికి ఆయన ఎవరినీ ఏమీ అనలేదు.

మొన్నటి జాతర అయిన వారానికి కుప్పం పోయాను. ఎనభై ఎప్పుడో దాటిన మనిషి, వసారాలో కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంటే కూతురు వెనక నిలబడి ఆయన నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలను దువ్వుతూ ఉంది. “గట్టిగా దువ్వుమ్మా, ఊడిపోవులే,” అంటున్నాడు. ఊరి కబుర్లన్నీ అడిగాడు. వానలు, చెనక్కాయలు, ఎవరెవరు ఉన్నారు, ఎవరెవరు పోయారు. చివరికి జాతర దగ్గరికి వచ్చాడు.

“నీళ్ళు సల్లినారా?”

“చల్లినారు మామా.”

“నిలబడినారా?”

చూసింది చూసినట్టు చెప్పి బతికినవాణ్ణి, ఆయన ముందు ఇంకోలా చెప్పడానికి నోరు రాలేదు. “లేదు మామా. చల్లినారు, కొట్టినారు,” అన్నాను.

కూతురు చేతిలో దువ్వెన ఆగింది. ఆయన వాకిలి వైపు తిరిగాడు.

“దానికేం తొందర లేదు కదప్పా,” అన్నాడు.

అప్పుడూ కొట్టేవాళ్ళు, ఇప్పుడూ కొడుతున్నారు. మా కాలపువాళ్ళం ఎక్కువ దయగలవాళ్ళమని నేననను. కానీ నీళ్ళకూ కత్తికీ నడుమ అప్పట్లో కాస్త జాగా ఉండేది. ఆ జాగాలో నిలబడే ఒక మనిషి తన చేతిని కాపాడుకోగలిగాడు. ఇప్పుడు ఆ జాగాను డీజే నింపేసింది. తిరుగు బస్సులో కళ్ళు మూసుకుంటే, పలకలు ఆగిపోయిన ఆ మధ్యాహ్నమే కనిపించింది, ఒక మూగజీవం ఏమంటుందోనని ఊరు ఊరంతా ఎండలో ఊపిరి బిగబట్టి నిలబడిన ఆ కాసేపు.