కోర్టుహాల్లో ఖాళీ మేకు

మా జడ్జిగారు పోయారు. సోమవారం పొద్దున్న కోర్టుకెళ్దామని ఆటో ఎక్కబోతుంటే ఫోనొచ్చింది. బరంపురంలో సొంతింట్లోనే, పూజ చేసుకుని పీట మీంచి లేవకుండానే వెళ్లిపోయారట. ఆటోవాణ్ని పంపేసి అక్కడే అరుగు మీద కూలబడ్డాను. ఆయన మా కోర్టులో ఉన్నన్నాళ్లూ పేష్కార్ని నేనే. కేసు పిలవడం, సాక్షి చేత ప్రమాణం చేయించడం నా పని.

ఆయనంత భక్తుణ్ని నేను చూళ్లేదు. రోజూ నుదుట నిలువు నామంతో వచ్చేవారు. కానీ బెంచి ఎక్కేముందు తడి రుమాలుతో శుభ్రంగా తుడిచేసుకునేవారు. పాత్రపూర్ వైపు రైతుబిడ్డని, నా నోరు ఊరుకోదు కదా. "ఏటండీ ఇది, పెట్టుకోడం ఎందుకు, తుడిసీడం ఎందుకు? దేవుడికి కోపం రాదా?" అన్నాను ఓరోజు.

"దేవుడికి ఇంట్లో కనబడే వచ్చానయ్యా. బోనులో నిలబడ్డవాడు నా నామం చూసి ధైర్యపడకూడదు, భయపడకూడదు" అన్నారు.

ఆయన కుర్చీ వెనక గోడకి ఏటేటా దేవుడి క్యాలెండరు తగిలించేవాణ్ని నేనే. వచ్చిన మొదటిరోజే తీయించేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మేకు కూడా పీకించీమంటారా?" అన్నాను వెటకారంగా.

"ఉండనీ. దాన్ని ఖాళీగా ఉంచడం కూడా ఓ ఉద్యోగమే. అది నీకిస్తున్నాను" అన్నారు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఓ గుడి కమిటీకీ పక్కనున్న మసీదు కమిటీకీ మధ్య సందు స్థలం తగాదా ఉండేది. తీర్పు రోజు పొద్దున్న గుడి కమిటీ పెద్దాయన ఆకు పొట్లం ఒకటి నా చేతిలో పెట్టాడు. "ప్రసాదం, జడ్జిబాబుకి ఇచ్చీ. కాదంటే కళ్లు పోతాయి" అన్నాడు. ప్రసాదాన్ని కాదనే గుండె నాకెక్కడిది? తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టాను. మా ఇంటి నుంచి తెచ్చాననుకుని ఆయన కళ్లకద్దుకుని కొబ్బరిముక్క నోట్లో వేసుకున్నారు.

అప్పుడు తెలిసొచ్చింది నాకు, నేనేం చేశానో. నోరు మూసుకుంటే నరమానవుడికి తెలీదు. కానీ ఆయన రుమాలు తడుపుకుంటుంటే చూసి ఆగలేకపోయాను. "బాబూ, అది గుడి కమిటీవోలు ఇచ్చింది" అనేశాను. ఆయన నావైపు ఒక్క చూపు చూసి, నామం తుడుచుకుని బెంచి ఎక్కారు.

ఎక్కి, నిండు కోర్టులో చెప్పేశారు. "ఇవాళ పొద్దున్న నేను తెలియక వాది పక్షం ప్రసాదం తిన్నాను. ఎవరికి అనుమానం ఉన్నా చెప్పండి, ఫైలు వేరే జడ్జికి పంపమని రాస్తాను." మసీదు తరఫున వచ్చిన ముసలి దర్జీ మెల్లగా లేచాడు. "ఆపణ నిజే కహిదేలే హజూర్, సేతికి యథేష్ట" అన్నాడు ఒడియాలో. మీరే చెప్పేశారు, అది చాలు అని.

సందు మసీదుకే పోయింది. వరండాలో గుడి పెద్దాయన వీరంగం వేశాడు. "మా ప్రసాదం తిని మాకే! తిన్నింటి వాసాలు లెక్కెట్టీసాడు!"

లోపల జడ్జిగారు విని, "ప్రసాదం వాళ్ల దగ్గరుంది. కాగితం వీళ్ల దగ్గరుంది. నేనేం చేసేది?" అన్నారు. తర్వాత నాకు మెమో ఇచ్చారు. "నువ్వే వచ్చి చెప్పావు కాబట్టి మెమోతో వదిలేస్తున్నా" అన్నారు. ఆ మెమో మా బీరువాలో ఇప్పటికీ ఉంది.

మొన్న ఆ సోమవారం జడ్జిగారి ఇంటికెళ్తే, గుమ్మంలో అదే గుడి పెద్దాయన కర్ర పోటేసుకుని నిలబడి ఉన్నాడు. "మమ్మల్ని ఓడగొట్టీసాడు గానీ, దొంగదెబ్బ తియ్యలేదురా" అని కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

పదకొండోరోజు దాటాక మా స్టాఫంతా చందాలేసుకుని ఆయన ఫొటో పెద్దది కట్టించారు. నామం, శాలువా, గంధపు దండ. కొత్తగా చేరిన టైపిస్టమ్మాయి కోర్టుహాల్లో స్టూలెక్కి ఆ మేకుకే తగిలించబోతోంది.

"దిగమ్మా" అన్నాను.

"అయ్యో, ఆయన ఫొటోయే కదండీ! ఆయన మీద మీకే గౌరవం లేకపోతే ఎలా?"

చుట్టూ అందరూ నన్ను రాక్షసుణ్ని చూసినట్టు చూస్తున్నారు. అయినా నేను స్టూలు దగ్గర్నించి జరగలేదు. "ఆయన తుడుసుకుని ఎక్కిన సోటికి, మనం నామం ఎట్టి ఎక్కించీమంటావేటమ్మా?"

ఆ పిల్ల ఫొటోలో నామం వంక చూసింది. తర్వాత స్టూలు దిగింది. ఫొటో మా స్టాఫు గదిలో పెట్టుకున్నాం. దండ రోజూ నేనే సర్దుతున్నాను. నాకింకా నాలుగు నెలల సర్వీసుంది. ఆ నాలుగు నెలలూ ఆ మేకుకి దేవుడూ ఎక్కడు, ఆయనా ఎక్కరు. నా తర్వాత కాపలా ఎవరంటే, టైపిస్టమ్మాయికి అప్పుడే చెప్పి ఉంచాను.

నిన్న మార్కండి నుంచి చేపలమ్మే ఆవిడ సాక్ష్యానికొచ్చింది. బోనెక్కి, కొంగు సర్దుకుని, భయంగా తలెత్తి జడ్జి కుర్చీ వెనక్కి చూసింది. వెల్ల వేసిన గోడ, దాని మీద ఓ మేకు. ఆవిడ ఊపిరి తీసుకుని చెప్పడం మొదలెట్టింది.