కాంటా పక్కన స్విచ్చులు

మొదటిసారి నెట్‌వర్కింగ్ పరీక్ష ఎందుకు తప్పాడో సుదర్శన్‌కు తెలుసు. కంప్యూటర్ తెర మీద బొమ్మలతో నేర్చుకున్నాడు. చేతికి ఏదీ అలవాటు కాలేదు. అందుకే హైదరాబాద్‌లో ఏదో ఆఫీసు మూసేస్తుంటే, అక్కడి కంప్యూటర్లను కలిపే పాత స్విచ్చులు మూడు కొని, అట్టపెట్టెలో సర్ది రైల్లో వరంగల్ తెచ్చుకున్నాడు.

మట్టెవాడలో అతనుండేది అత్తగారిల్లు. నర్సంపేటలో నాన్న కిరాణా కొట్టు మూతపడ్డాక పెళ్లి చేసుకుని ఇక్కడికే వచ్చాడు. మామ చంద్రమౌళి ఎనుమాముల మార్కెట్లో మిర్చి కమీషన్ వ్యాపారి. సుదర్శన్ భార్య సౌమ్య ఆయనకు ఒక్కతే కూతురు. పరీక్ష గట్టెక్కితే తన కంపెనీలో తీసుకుంటారని హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు సాయితేజ చెప్పాడు. లేకపోతే మిర్చి సీజన్ నాటికి సుదర్శన్ మార్కెట్లో మామ పక్కన కూర్చోవాలి. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. మార్కెట్లో మామ కూర్చునే గద్దె మీదికి రెండో మెత్త మాత్రం కుట్టించారు.

ఇంటి వెనక గోదాము మీది గదిలో స్విచ్చులు పెట్టుకున్నాడు. వాటి ఫ్యాన్లు కింది మిర్చి దుమ్మును పీల్చి గదంతా చిమ్మేవి. అత్త లక్ష్మీనర్సమ్మ మెట్ల దగ్గరే తుమ్మి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, గా డబ్బాలతోని ఏం పని అల్లుడా అని అడిగింది. పరీక్ష కోసమంటే ఆమెకు సరిపోలేదు. ఆ గది బస్తాలకు కావాలంది. ఏదో ఒక పని చూపించాలని సుదర్శన్ గోదాము కెమెరాలను ఒక స్విచ్చుకు తగిలించి, మార్కెట్లో కూర్చున్న మామకు ఫోన్లో బస్తాలు కనిపించేటట్టు చేశాడు.

అది బాగా పనిచేసింది. మామ ఆ ఫోన్‌ను సరుకు కొనడానికి వచ్చిన వాళ్లందరికీ చూపించాడు. తర్వాత బిల్లుల కంప్యూటరు రెండో స్విచ్చుకు వచ్చింది, ఇంటి వైఫై మూడోదానికి. దసరానాడు అత్త మూడింటినీ కిందికి తెప్పించి, కాంటా పక్కన పీట మీద పెట్టి, పసుపు రాసి బొట్లు పెట్టింది. పూజ అయి అవి మళ్లీ పైగదికి చేరేదాకా కెమెరాలు ఆగినా ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఇంట్లో కాంటా పక్కన బొట్టు పడిన వస్తువు దుకాణానిదే. దాన్ని అమ్మరు, పని మాన్పి పక్కన పెట్టరు. అది తెలియని సుదర్శన్ దండం పెట్టుకుని ప్రసాదం తిన్నాడు.

పరీక్షకు కావలసింది వేరు. స్విచ్చులో ఉన్న సెట్టింగులన్నీ చెరిపేసి, ఏమీ లేని దగ్గర నుంచి మళ్లీ కట్టాలి. మళ్లీ చెరపాలి. చెరిపినప్పుడల్లా కెమెరాలు ఆగేవి, బిల్లు మధ్యలో నిలిచిపోయేది. మామ మార్కెట్ నుంచి ఫోన్ చేసి, బస్తాలు కనవడ్తలేవు, జర చూడమనేవాడు. గొంతులో కోపం ఉండేది కాదు. రానురాను సుదర్శన్ చెరపడం మానేశాడు.

పరీక్షకు ఇక వారమే మిగిలింది. మామ భోంచేస్తుంటే పక్కన కూర్చున్నాడు.

"మామా, ఆదివారం మార్కెట్ బందే కద. ఒక్క పూట అన్నీ ఆపి నేర్చుకుంట."

"నేర్చుకునుడేంది? నీకు రానిదేమున్నది?" చంద్రమౌళి పెరుగు కలుపుకుంటున్నాడు. "పక్క గద్దె సారయ్యకు సుత మాటిచ్చిన. మా అల్లుడే వచ్చి కెమెరాలు పెడ్తడని."

అత్త నవ్వింది. సౌమ్య నవ్వలేదు. "పరీక్ష ఉన్నది నాయినా, ఆపుకోనియ్యి," అంది.

"ఆపుకోమను బిడ్డా. నేనేమన్న వద్దంటున్ననా?"

ఆదివారం పొద్దున సుదర్శన్ గది తలుపు దగ్గరగా వేసి, మూడు స్విచ్చులూ చెరిపేశాడు. పుస్తకంలోని నమూనా ప్రశ్న ముందు పెట్టుకున్నాడు. ఒక కాలేజీ, అందులో ఆఫీసు, లైబ్రరీ, ల్యాబు కలపాలి. టైపు చేయడం మొదలుపెట్టాడు. వేళ్లు ఎక్కడా ఆగలేదు. ఇంత వేగం ఎప్పుడు వచ్చిందా అని సంతోషం కూడా కలిగింది. ఆఖరి స్విచ్చు పూర్తిచేసి, పుస్తకంతో సరిచూసుకోవడానికి పైనుంచి చదివాడు.

కాలేజీ ఎక్కడా లేదు. మొదటిదానిలో గోదాము కెమెరాలు, రెండోదానిలో బిల్లుల కంప్యూటరు, మూడోదానిలో ఇంటి వైఫై. ఒక్క అంకె తేడా లేకుండా దుకాణం మొత్తం తిరిగి వచ్చేసింది.

మళ్లీ చెరపడానికి చేయి చాపాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మామ తలుపు నెట్టి, ఫోను అతని ముందు పట్టాడు. తెర మీద బస్తాలు వరసగా కనిపిస్తున్నాయి.

"పూట అన్నవ్. గింత జల్దిన అయిపోయిందా?" అన్నాడు మెచ్చుకోలుగా. "నడువు మరి, సారయ్య కింద కూసున్నడు."

సుదర్శన్ చేయి కాసేపు కీబోర్డు మీదే ఉంది. తర్వాత వెనక్కి తీసుకుని, మేకుకు తగిలించిన చొక్కా అందుకున్నాడు.