మా ఆయన తలనీలాలు

సునామీ కబురు నాకు మొదట తెచ్చింది చేపలమ్మే పిన్ని. "జెట్టీ మునిగిపోనాదే పిల్లా, ఫెర్రీ బంద్!" అంది.

మా ఆయన సముద్రపు పాయకి అవతల పోర్ట్‌బ్లెయిర్‌లో, నేను ఇవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో. సింహాద్రి అప్పన్న క్షేమంగా తెస్తాడని నమ్మకమే. అయినా ఉత్త చేతులతో అడగడం బాగుండదని, మా ఆయన తలనీలాలు మొక్కేశాను.

మర్నాడు ఒక భయ్యా తన చిన్న పడవలో మా ఆయన్ని ఒడ్డుకు చేర్చాడు. మొక్కు సంగతి వినగానే మా ఆయన రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "మొక్కింది నువ్వు, గుండు నాకా?" అన్నారు. పిన్ని పడీపడీ నవ్వింది. దేవుడికి కూడా పక్కవాళ్ళ జుట్టే ఇవ్వబోయానని నాకు సిగ్గేసింది. తర్వాత ఓడెక్కి సింహాచలం వెళ్ళినప్పుడు, మంగలి కత్తి ముందు నేనే మొదట తల వంచాను.

మీరు దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆ పడవ భయ్యాని తలుచుకోండి. మా ఆయన్ని దింపగానే, మిగిలినవాళ్ళ కోసం మళ్ళీ అవే నీళ్ళలోకి వెళ్ళాడు.