ఏ అర్ర నీది బిడ్డా?

ఆవిడ ముఖం నాకిప్పుడు సరిగా గుర్తులేదు. కొంగుముడిలోంచి తీసిన సుద్దముక్క మాత్రం మరిచిపోలేదు.

శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన కొత్తలో ఆ పక్కనే సాతంరాయిలో ఆవిడ తన ఇల్లు అమ్మకానికి పెట్టింది. అత్తాపూర్ అద్దె ఇంటి నుంచి మా ఆయన, నేను, ఏడేళ్ల మా అమ్మాయి చూడబోయాం. ఆవిడ ధర మాట ఎత్తలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పి, "ఏ అర్ర నీది బిడ్డా?" అని అడిగింది. మా పిల్ల విమానాలు కనబడే గది చూపించింది.

"గట్లయితే తలుపు మీద పేరు రాసుకో," అంటూ సుద్దముక్క ఇచ్చింది.

పిల్ల తలుపు ముందు కూర్చుని కింద రాశాక, ఆవిడ మావైపు తిరిగింది. "నిన్నొచ్చినోళ్లు నేను చెప్పిన ధర మీద రెండు లక్షలు ఎక్కువిస్తమన్నరు. బిడ్డేమో పేరు గూడ రాసుకున్నది. ఇగ మీ ఇష్టం."

మేం పెంచాం. మరుసటి వారం మళ్లీ పెంచాం. నా బంగారు గాజులు అమ్మి బయానా డబ్బు పట్టుకెళ్లేసరికి వరండాలో ఇంకో కుటుంబం కూర్చుని ఉంది. వాళ్ల బాబు చేతిలో సుద్దముక్క.

"గీళ్లకు ఖాయం చేసిన, ఏమనుకోకుండ్రి," అందావిడ. తడిగుడ్డ తెచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టి, ఎంతో ప్రేమగా తల నిమిరింది.

"నా మోకాళ్లు వంగుతలేవు బిడ్డా. నీ పేరు జర నువ్వే తుడువు."

పెద్దవాళ్లు పని చెబితే కాదనకూడదని నేర్పింది మేమే. పిల్ల తలుపు ముందు కూర్చుని, ఒక్క గీత మిగలకుండా తుడిచింది.